ఆస్పత్రి ఫిల్ము, అచ్చాఫీసు ఫిల్ము, పెద్ద కెమెరా

లార్జ్ ఫార్మాట్ ఫొటోగ్రఫీలో రీలు ఉండదు. 4×5 అంగుళాలు మొదలుకొని 8×10, 11×14, ఆ పైన కూడా, ఒక్కో బొమ్మకు ఒక్కో విడి షీటు. దాన్ని చీకట్లో హోల్డరులోకి ఎక్కించాలి. కెమెరా వెనక గరుకు అద్దం మీద తలకిందులుగా కనిపించే దృశ్యాన్ని నల్లగుడ్డ కప్పుకుని సరిచూసుకోవాలి. హోల్డరు దూర్చి, అడ్డురేకు లాగి, బొమ్మ తీసి, మళ్లీ చీకటి గదికే తీసుకుపోవాలి. ఈ పనికోసమే తయారైన షీట్ ఫిల్ములను ఇల్‌ఫర్డ్, కొడాక్, ఫోమా కంపెనీలు ఇప్పటికీ చేస్తున్నాయి. అయినా ఈ హోల్డర్లలోకి వేరే కొలువుల్లో ఉండాల్సిన సరుకు కూడా ఎక్కుతూనే ఉంది: ఆస్పత్రుల ఎక్స్‌రే ఫిల్ము, అచ్చాఫీసుల లిత్ ఫిల్ము, ఫొటోలు ప్రింటు వేసే కాగితం, విమానంలోంచి నేలను తీయడానికి చేసిన ఏరియల్ ఫిల్ము.

మొదటి కారణం డబ్బే. 35 ఎంఎం రీలులో ఒక ఫ్రేము వైశాల్యం చదరపు అంగుళంన్నర కూడా ఉండదు. 8×10 షీటుది 80 చదరపు అంగుళాలు, అంటే దాదాపు అరవై రెట్లు. ఈ సైజులో ఒక్క బొమ్మ తీస్తే చిన్న కెమెరాలో రీలు మొత్తం అయిపోయినట్టే లెక్క. అదే సైజు ఎక్స్‌రే ఫిల్ము వంద షీట్ల పెట్టెలో వస్తుంది; షీటు ధర పేరున్న కంపెనీల ఫొటో ఫిల్ము ధరలో పదో వంతు లోపే ఉంటుంది. 11×14 దాటాక ధర సంగతి అటుంచి దొరకడమే కష్టం. అంత పెద్ద సైజులను ఇల్‌ఫర్డ్ ఏడాదికి ఒకసారి ఆర్డర్లు పోగుచేసుకుని కోసి ఇస్తుంది. ఛాతీ ఎక్స్‌రేకు వాడే 14×17 అంగుళాల షీటు మాత్రం ఇంకా ఫిల్ము వాడే ఆస్పత్రులకు రోజువారీ సరుకు.

చవక కోసం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది తర్వాత ఆ బొమ్మల తీరు నచ్చి అక్కడే ఉండిపోయారు. ఆ తీరు గాల్లోంచి రాలేదు. ఈ ఫిల్ముల్లో ఫొటోగ్రాఫర్ లోపమనుకునే ప్రతిదీ ఒకప్పుడు ఎవరికో కావలసిన గుణమే. ఎక్స్‌రే ఫిల్ముకు ఎరుపు కనిపించకపోవడం, లిత్ ఫిల్ములో నలుపు తెలుపుల మధ్య బూడిద రంగు లేకపోవడం, కాగితానికి గంపెడు వెలుతురు కావలసిరావడం, అన్నింటికీ అవి పుట్టిన పనిలోనే కారణం ఉంది. ఆ పని తెలిసినవాడు బొమ్మ ఎలా వస్తుందో తీయకముందే చాలావరకు చెప్పగలడు.

ఎక్స్‌రే ఫిల్ము

విల్‌హెల్మ్ రాంట్‌జెన్ జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో ఎక్స్ కిరణాలను గుర్తించింది 1895 నవంబర్ 8న. ఆ డిసెంబర్‌లో ఆయన తన భార్య చేతిని, వేలి ఉంగరంతో సహా, మామూలు ఫొటోగ్రాఫిక్ గాజుపలక మీదే పట్టాడు. తొలి రెండు దశాబ్దాలు డాక్టర్లు కూడా గాజుపలకలనే వాడారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం నుంచి గాజు రావడం ఆగిపోయాక ఫిల్ము వాడకం ఊపందుకుంది. ఆ రోజుల్లోనే ఎక్స్‌రే ఫిల్ముకు రెండు వైపులా ఎమల్షన్, అంటే వెలుతురుకు స్పందించే పూత, పూయడం మొదలైంది. ఎక్స్ కిరణాలు పల్చటి ఎమల్షన్ పొరను దాదాపు తగలకుండానే దాటిపోతాయి. రెండు పొరలుంటే ఫలితం రెట్టింపవుతుంది, రోగి మీద పడే కిరణాల మోతాదు ఆ మేరకు తగ్గుతుంది.

అది చాలక, ఫిల్మును రెండు ప్రకాశించే తెరల మధ్య బిగించేవారు. కిరణం తెరకు తగిలితే తెర వెలుగుతుంది, ఆ వెలుగు ఫిల్ము మీద పడుతుంది. అంటే ఆస్పత్రి ఎక్స్‌రేలో ఫిల్ము మీద కనిపించే నలుపులో చాలా భాగం నేరుగా ఎక్స్ కిరణాల పని కాదు, మామూలు వెలుతురు పని. ఎక్స్‌రే ఫిల్ము కెమెరాలో పనిచేయడానికి అసలు రహస్యం ఇదే. పాత తెరల్లో కాల్షియం టంగ్‌స్టేట్ ఉండేది, దాని వెలుగు నీలం. అందుకు తగ్గట్టు ఫిల్ముకు నీలమే కనిపించేది. 1970లలో వచ్చిన గడోలినియం తెరలు ఆకుపచ్చగా వెలుగుతాయి. వాటికోసం ఆకుపచ్చను కూడా చూసే ఫిల్ము వచ్చింది. ఈనాటికీ పెట్టెల మీద ‘బ్లూ సెన్సిటివ్’, ‘గ్రీన్ సెన్సిటివ్’ అని ఉండేది ఈ తేడానే. రెండింటికీ ఎరుపు మాత్రం కనిపించదు. చీకటి గదిలో ఎర్ర దీపం కింద సిబ్బంది పని చేసుకోవాలి కదా మరి.

ఈ ఫిల్ముకు ఒక విషాద చరిత్ర కూడా ఉంది. తొలినాళ్ల ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్ మీద ఉండేది, అది ఇట్టే అంటుకునే పదార్థం. 1929 మే 15న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో నిలవ ఉంచిన ఎక్స్‌రే ఫిల్ములు అంటుకుని, విషవాయువులు భవనమంతా కమ్మి 123 మంది చనిపోయారు. ఆ తర్వాత ఆస్పత్రులు త్వరగా అంటుకోని అసిటేట్ ఫిల్ముకు మారాయి. ఇప్పుడొచ్చేది పాలియెస్టర్, లేత నీలం రంగు కలిపి ఉంటుంది. ఆ నీలం డాక్టరు కళ్లకు హాయి కోసం. నెగటివ్‌లో అది చూడ్డానికి వింతగా ఉన్నా ప్రింటు వేసేటప్పుడు పెద్దగా అడ్డురాదు.

వాడిన ఎక్స్‌రే ఫిల్ముకు మన ఊళ్లలో ఎప్పుడూ గిరాకీయే. వెండి తీయడానికి పాతసామాన్లవాళ్లు కొనుక్కుపోతారు. గ్రహణం రోజున దాన్ని కళ్లకు అడ్డం పెట్టుకుని సూర్యుణ్ని చూసే అలవాటు వద్దని డాక్టర్లు ఎంత చెప్పినా పూర్తిగా పోలేదు. కెమెరాలోకి ఎక్కేది మాత్రం వాడని, పెట్టె విప్పని ఫిల్ము.

ఎరుపు కనపడని కన్ను

ఎరుపు కనిపించని ఫిల్ములో ఏమవుతుందో చూడ్డానికి పండగపూట గడప చాలు. నీలానికి మాత్రమే స్పందించే ఫిల్ములో పసుపు పూత ముదురు బూడిద రంగులోకి పోతుంది, దాని మీది కుంకుమ బొట్లు నల్లగా పడతాయి. రెండింటికీ తేడా సరిగా తెలియదు. ఆకుపచ్చను చూసే ఫిల్ములో పసుపు తేలిక రంగులోకి తిరిగొస్తుంది, కుంకుమ మాత్రం నలుపుగానే మిగిలి గడప మీద చుక్కలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మనుషుల బొమ్మల్లో పెదాలు నల్లబడతాయి, చర్మం మీది మచ్చలు, ముడతలు ఎత్తిచూపినట్టవుతాయి. ముసలివాళ్ల ముఖాలకు ఈ ఫిల్ము అద్భుతం. పెళ్లికూతురి బొమ్మకు వాడితే మాట పడక తప్పదు.

పంతొమ్మిదో శతాబ్దపు ఫొటోలన్నీ ఇలాగే చూసేవి. 1873లో హెర్మన్ ఫోగెల్ ఎమల్షన్‌లో రంగులు కలిపితే అది ఆకుపచ్చను కూడా చూస్తుందని కనిపెట్టేదాకా ఫొటోగ్రఫీకి నీలం, ఊదా తప్ప ఏమీ కనిపించేవి కావు. అన్ని రంగులూ చూసే పాంక్రోమాటిక్ పలకలను ఇంగ్లండులోని రాటెన్ అండ్ వెయిన్‌రైట్ కంపెనీ అమ్మకానికి తెచ్చింది 1906లో. అప్పటిదాకా ఆకాశం ఫొటోల్లో సాధారణంగా ఉత్త తెల్లకాగితమే. నీలాకాశం, తెల్లమేఘం రెండూ ఫిల్ముకు ఒకే తీరుగా కనిపిస్తాయి కాబట్టి మేఘం కరిగిపోతుంది. ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ కూడా ఈ గాజుపలకల కాలం మనిషే. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఆయన గాజు నెగటివ్‌లు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. హైదరాబాదు కట్టడాలను ఇవాళ ఎక్స్‌రే ఫిల్ము మీద తీసినవారికి ఆ పాత బొమ్మల పోలిక వెంటనే తగులుతుంది. అది కేవలం ఊహ కాదు. ఫిల్ము చూపు నిజంగానే అప్పటి పలకల చూపుకు దగ్గర.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ఆన్సెల్ ఆడమ్స్ 1927 ఏప్రిల్‌లో యోసెమిటీలో తీసిన హాఫ్ డోమ్ కొండ. ఆయన పాంక్రోమాటిక్ గాజుపలక ముందు ముదురు ఎరుపు ఫిల్టరు పెట్టి ఆకాశాన్ని దాదాపు నల్లగా దించాడు. ఎక్స్‌రే ఫిల్ముతో ఆ ముచ్చట తీరదు. ఎర్ర ఫిల్టరు పెడితే ఆకాశం నల్లబడటం అటుంచి, ఫిల్ముకు అసలేమీ కనిపించదు. పసుపు ఫిల్టరుతో, అదీ ఆకుపచ్చ రకం ఫిల్ములో, మేఘాలు కొంతవరకు దక్కుతాయి.

కోయడం, కడగడం

ఎక్స్‌రే ఫిల్ముతో చేతిపని ఎక్కువ, కానీ ఆ పనంతా ఎర్ర దీపం వెలుగులో కళ్లతో చూసుకుంటూ చేయవచ్చు. పాంక్రోమాటిక్ ఫిల్ము వాడేవారికి ఆ సుఖం లేదు, వాళ్లు కటిక చీకట్లో తడుముకోవాలి. పెద్ద షీటును కోసి చిన్న సైజులు చేసుకోవడం మొదటి మెట్టు. 8×10 షీటును అడ్డంగా, నిలువుగా సగానికి కోస్తే 4×5 ముక్కలు నాలుగు వస్తాయి. అవి హోల్డరులో దూరవు. ఫ్యాక్టరీలో చేసిన 4×5 షీటు నిజానికి 4×5 అంగుళాలకన్నా పొడవులోనూ వెడల్పులోనూ మిల్లీమీటరున్నర దాకా తక్కువ ఉంటుంది. అందుకని ప్రతి ముక్క అంచు మరికాస్త చెక్కాలి. మామూలు షీట్ ఫిల్ముకు ఒక మూల గంట్లు ఉంటాయి. చీకట్లో వేలితో తడిమి ఎమల్షన్ ఏ వైపుందో తెలుసుకోవడానికి. రెండు వైపులా పూసిన ఎక్స్‌రే ఫిల్ముకు వాటి అవసరం లేదు, ఎటు తిప్పి పెట్టినా ఒకటే.

అసలు చిక్కు గీతలతో. ఎక్స్‌రే ఫిల్ము ఎమల్షన్ తడిస్తే మెత్తబడి గోరు తగిలినా లేచిపోతుంది. పైగా రెండు వైపులా ఉంది కాబట్టి ట్రే అడుగుకు రాసుకున్నా గీతే. ఫొటోగ్రాఫర్లు దీనికి రకరకాల ఉపాయాలు పట్టారు. ట్రే అడుగున నున్నటి అద్దం పలక వేస్తారు, ఒకసారి ఒక్క షీటే వేస్తారు, ప్లాస్టిక్ జిప్ సంచిలో షీటు పెట్టి డెవలపరు పోసి సంచినే ఊపుతారు, లేదా ఆస్పత్రి పద్ధతిలోనే స్టీలు ఫ్రేముకు తగిలించి తొట్టిలో ముంచుతారు. చివరిది పాత పద్ధతే అయినా గీతలు పడకుండా చూసుకోవడంలో దానికి సాటిలేదు.

డెవలపరు విషయంలో సూత్రం ఒక్కటే, పల్చన. ఎముకకూ కండకూ తేడా స్పష్టంగా తెలియాలని ఈ ఫిల్మును కాంట్రాస్టు ఎక్కువ వచ్చేలా చేశారు. ఎండా నీడా కలిసిన దృశ్యానికి అంత కాంట్రాస్టు తగదు. రోడినాల్ అనే డెవలపరును ఒకటికి వంద పాళ్ల నీళ్లు కలిపి, ఆరేడు నిమిషాలు ఉంచడం చాలామంది పద్ధతి. ఇంట్లో కలుపుకునేవారు డి-23 వాడతారు. లీటరు నీళ్లకు మెటాల్ 7.5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, అంతే. ఎర్ర దీపం కింద షీటు మీద ముందు ఆకాశం నల్లబడుతుంది, తర్వాత గోడలు, చివర నీడల్లో వివరం తేలుతుంది. రెండు వైపులా ఎమల్షన్ ఉండటం వల్ల పచ్చిగా ఉన్నప్పుడు షీటులోంచి అవతలికి కనిపించదు. అనుభవం లేనివారు ఇంకా రాలేదేమో అనుకుంటూ ఉంచేసి మాడ్చేస్తారు. బొమ్మను స్థిరపరిచే హైపో ద్రావణంలో పడ్డాక, పాలలాంటి తెలుపు పోయి, అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

స్పీడు ఇంత అని పెట్టె మీద ఉండదు, ఉండే అవకాశమూ లేదు. ఫిల్ము కొలతలన్నీ ఎక్స్ కిరణాలకు, తెరలకు సంబంధించినవి. ఆకుపచ్చ రకాన్ని ఎండలో ఐఎస్‌ఓ 50 నుంచి 100 మధ్య లెక్కగట్టి మొదలుపెడతారు. సాయంత్రం ఎర్రబడ్డ ఎండలోనూ, బల్బు వెలుగులోనూ అదే ఫిల్ము సగానికి సగం మందగిస్తుంది, ఆ వెలుగులో దానికి కనిపించే నీలం, ఆకుపచ్చలు తక్కువ కాబట్టి.

మరో రెండు లక్షణాలు బొమ్మ మీద నేరుగా కనిపిస్తాయి. మామూలు ఫిల్ము వెనక భాగాన, ఫిల్మును దాటిపోయిన వెలుతురును మింగేసే పూత ఉంటుంది. రెండు వైపులా ఎమల్షన్ ఉన్న ఫిల్ములో దానికి చోటే లేదు. వెలుతురు బేస్‌లో అటూ ఇటూ తగిలి తిరిగొచ్చి, కిటికీలు, దీపాలు, ఆకుల మధ్య మెరుపుల చుట్టూ మెత్తటి కాంతిని అల్లుతుంది. పారిస్ వీధులను 18×24 సెంటీమీటర్ల పలకల మీద తీసిన యూజీన్ అట్జే బొమ్మల్లో కిటికీలు అలా వెలిగిపోవడానికీ ఇదే కారణం. రెండోది, ముందు పొర మీద పడ్డ బొమ్మే బేస్ దాటి వెనక పొర మీద కాస్త చెదిరి మళ్లీ పడుతుంది. ఇది నచ్చనివారు కడిగి ఆరబెట్టిన నెగటివ్‌ను అద్దానికి అంటించి, పైకి వచ్చిన వెనక పొరను ఇంట్లో వాడే బ్లీచింగ్ ద్రవంతో తుడిచేస్తారు. ఆ పొర జిగటగా కరిగి నీళ్లలో పోతుంది. బొమ్మ పదునెక్కుతుంది, కానీ నలుపు సగానికి తగ్గుతుంది. కాబట్టి ముందే డెవలపరులో ఎక్కువసేపు ఉంచి ఉండాలి. అంచులోంచి ఒక్క చుక్క లోపలికి పారినా మంచి పొర కూడా పోతుంది.

ఈ తంటా అంతా లేని ఎక్స్‌రే ఫిల్ము కూడా ఒకటుంది, మామోగ్రఫీ ఫిల్ము. రొమ్ము క్యాన్సర్ పరీక్షలో ఇసుకరేణువులంత కాల్షియం చుక్కలు కనిపెట్టాలి. రెండు పొరల మసక అక్కడ పనికిరాదు. అందుకే దానికి ఒకే వైపు ఎమల్షన్, వెనక కాంతిని మింగే పూత. ఫొటో ఫిల్ముకు బాగా దగ్గరగా వచ్చే ఆస్పత్రి సరుకు ఇది. సైజులు 18×24, 24×30 సెంటీమీటర్లు. 8×10 హోల్డరుకు కోసుకోక తప్పదు.

పెద్ద ఎక్స్‌రే నెగటివ్‌లకు అసలైన చోటు ఎన్‌లార్జరు కింద కాదు. సయనోటైపు, ప్లాటినం వంటి పాత ముద్రణ పద్ధతుల్లో కాగితం వెలుతురుకు చాలా మందకొడిగా స్పందిస్తుంది, అందుకని నెగటివ్‌ను కాగితానికి ఆనించి ఎండలో పెట్టాలి. ప్రింటు సైజు నెగటివ్ సైజే. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైపుకు బాగా నలుపెక్కిన, కాంట్రాస్టు ఉన్న నెగటివ్ కావాలి. ఆస్పత్రి ఫిల్ములో వద్దన్నా వచ్చే గుణమే అది.

లిత్ ఫిల్ము

ఆఫ్‌సెట్ అచ్చుకు బూడిద రంగు పనికిరాదు. ప్లేటు మీద సిరా అంటితే నలుపు, అంటకపోతే తెలుపు. ఫొటోలోని ఛాయలన్నింటినీ చిన్నా పెద్దా చుక్కలుగా విడగొట్టాలి, ప్రతి చుక్కా అంచు దాకా కటిక నలుపుగా ఉండాలి. దానికోసం పుట్టింది లిత్ ఫిల్ము. కొడాక్ వారి కొడాలిత్ పేరు ఈ రంగంలో ఇంటిపేరులా స్థిరపడింది. దాని డెవలపరులో ఒక చోట నలుపు మొదలైతే ఆ నలుపే పక్కదాన్ని ఇంకా వేగంగా నల్లబరుస్తుంది. మధ్య ఛాయలు నిలవకపోవడానికి కారణం అది.

కంప్యూటరు నుంచి నేరుగా ప్లేటు మీదికి పోయే యంత్రాలు వచ్చేదాకా తెలుగునాట ఆఫ్‌సెట్ ప్రెస్సుల పని ఈ ఫిల్ముతోనే సాగింది. గోడకు అవతల చీకటి గది, ఇవతల పెద్ద ప్రాసెస్ కెమెరా, ఎర్ర దీపం కింద ట్రేల్లో కడిగిన ఫిల్ము ముక్కలను లైట్ టేబుల్ మీద పేజీగా అతికించే మనుషులు, ఆ తరం ప్రెస్సువాళ్లకు ఇవన్నీ గుర్తే. నిజానికి ప్రాసెస్ కెమెరా కూడా ఒక లార్జ్ ఫార్మాట్ కెమెరాయే, కాకపోతే గదంత ఉంటుంది. ప్రెస్సులు వదిలించుకున్న ఆ కెమెరాల లెన్సులు, ముఖ్యంగా అపో-రోనార్, అపో-నిక్కోర్, ఆర్టార్ రకాలు, ఇప్పుడు బెలోస్ కెమెరాలకు ఎక్కుతున్నాయి.

ఇలాంటి ఫిల్ముతో మనిషి ముఖం తీయాలంటే దాని స్వభావానికి ఎదురీదాలి. లిత్ డెవలపరు వాడకూడదు. కాగితాల డెవలపరును గానీ, రోడినాల్‌ను గానీ మామూలుకన్నా ఎన్నో రెట్లు పల్చన చేసి, ట్రేను పెద్దగా కదపకుండా, నీడలు తేలేదాకా చూసి తీసేయాలి. ఇక్కడ అర నిమిషం అటూ ఇటూ అయినా బొమ్మ మారిపోతుంది. స్పీడు ఐఎస్‌ఓ 3 నుంచి 12 లోపే. గింజ కనపడనంత సన్నం, వివరం అపారం, ధర మాత్రం ఎక్స్‌రే ఫిల్ముతో పోటీపడేంత తక్కువ. బేస్ పల్చన కాబట్టి హోల్డరులో వదులుగా ఊగుతుంది; కెమెరాను నిటారుగా కిందికి వంచితే మధ్యలో ఉబ్బి బొమ్మ మసకబారవచ్చు. ఇంత చేశాక కూడా లిత్ ఫిల్ము మనుషులకన్నా కొమ్మలు, గీతలు, రాతి శిల్పాలనే బాగా పడుతుందన్నది ఒప్పుకోవాలి.

కాగితం

కెమెరాలో కాగితం పెట్టడం కొత్త ప్రయోగమేమీ కాదు, నెగటివ్ పుట్టుకే అక్కడ. విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1835లో లకాక్ ఆబీలోని తన ఇంటి కిటికీని కాగితం నెగటివ్ మీదే పట్టాడు. 1841లో కాలోటైపు పేరుతో పేటెంటు తీసుకున్నాడు. గుస్తావ్ ల గ్రే కాగితానికి మైనం పట్టించి మరింత పారదర్శకంగా చేశాడు. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫరు లినేయస్ ట్రైప్ 1857–58లో దక్షిణ భారతంలో తిరిగినప్పుడు ఇలాంటి మైనపు కాగితాలు వాడాడు. ఎండకూ తేమకూ గాజుపలకల కన్నా అవి తట్టుకుంటాయని ఆయన లెక్క. ఉత్త తెలుపుగా వచ్చే ఆకాశం నచ్చక నెగటివ్ మీద మేఘాలు తానే చిత్రించేవాడు. తంజావూరు బృహదీశ్వరాలయం పునాది చుట్టూ ఉన్న శాసనాలను 21 బొమ్మలుగా తీసి కలిపి 19 అడుగుల పొడవైన పటం చేశాడు. 1858లో, అప్పటికి మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి స్తూపం పాలరాతి శిల్పాలను వరసగా ఫొటోలు తీసింది కూడా ఆయనే.

ఈనాటి కాగితం నెగటివ్ అంటే స్టూడియోల్లో నలుపు తెలుపు ప్రింట్లు వేయడానికి వాడిన కాగితమే. ఎన్‌లార్జరు కింద తీరుబడిగా పది, ఇరవై సెకన్లు ఎక్స్‌పోజ్ చేసేందుకు చేసినది కాబట్టి దానికి వేగం అక్కర్లేదు. కెమెరాలో ఐఎస్‌ఓ 6 దగ్గర లెక్కగడితే, నడినెత్తి ఎండలో ఎఫ్/16 దగ్గర సెకనులో ఆరో వంతు పడుతుంది. లెన్సును ఎఫ్/32కు మూస్తే సెకనులో మూడింట రెండు వంతులు. ఇంకా మూస్తే షట్టరే అక్కర్లేదు, లెన్సు మూత తీసి నోటితో లెక్కపెట్టుకుని మళ్లీ పెట్టేయవచ్చు.

కాగితంతో ఇబ్బంది కాంట్రాస్టు. మల్టీగ్రేడ్ కాగితానికి నీలం తగిలితే కాంట్రాస్టు పెరుగుతుంది, ఆకుపచ్చ తగిలితే తగ్గుతుంది. చీకటి గదిలో ఫిల్టర్లతో ప్రింటును దిద్దుకోవడానికి చేసిన ఏర్పాటు అది. ఆరుబయట నీడల్లోకి వచ్చేదంతా ఆకాశపు నీలమే కాబట్టి ఒక్క బొమ్మలోనే ఎండ ఒక తీరు, నీడ ఒక తీరుగా పడి బెడిసికొడుతుంది. లెన్సు ముందు పసుపు ఫిల్టరు పెడితే సర్దుకుంటుంది. ఇంకో ఉపాయం, బొమ్మ తీయడానికి ముందే కాగితానికి మినుకుమనే వెలుతురు సమానంగా చూపించి, నల్లబడటానికి ఒక అడుగు ఇవతల నిలబెట్టడం. అప్పుడు నీడలోంచి వచ్చే కాస్త వెలుతురు కూడా వృథా పోదు.

వీధి ఫొటోగ్రాఫర్లకు ఇదంతా కొట్టినపిండి. కాబూల్ వీధుల్లో ‘కమ్రా-ఎ-ఫౌరీ’ అనే చెక్కపెట్టె కెమెరాలో కాగితం మీద నెగటివ్ తీసి, పెట్టెలోపలే చేయి దూర్చి కడిగి, ఆ తడి నెగటివ్‌ను కెమెరా ముందు నిలబెట్టి మళ్లీ ఫొటో తీస్తే పాజిటివ్ వచ్చేది. కోర్టుల ముందు, తిరునాళ్లలో ‘మినిట్ ఫొటో’ తీసిన మనవాళ్ల పెట్టె పద్ధతీ అదే. చీకటి గది, కెమెరా, అంగడి అన్నీ ఆ ఒక్క పెట్టె.

కళాకారులు కాగితాన్ని మరోవైపు లాగారు. వేరా లుట్టర్ గదులనే కెమెరాలుగా మార్చి, గోడంత కాగితం మీద గంటలు, రోజులు, ఒక్కోసారి నెలల తరబడి బొమ్మ పడనిచ్చి, ఆ నెగటివ్‌నే ప్రదర్శనకు పెడుతుంది. అమెరికన్ ఫొటోగ్రాఫరు క్రిస్ మెక్‌కా కథ 2003లో నిద్రతో మొదలైంది. రాత్రంతా తెరిచి ఉంచిన కెమెరాను తెల్లారకముందే మూయాల్సింది మరిచి పడుకుంటే, పొద్దున్న సూర్యుడు లెన్సులోంచి ఫిల్మును కాల్చేశాడు. ఆయన ఆ పొరపాటునే పద్ధతి చేసుకున్నాడు. గడువు తీరిన పాత కాగితాలను పెద్ద కెమెరాల్లో పెట్టి సూర్యుడి దారిని కాగితం మీద నిజంగానే కాల్పిస్తాడు. అతి వెలుతురు తగిలిన కాగితం నెగటివ్ నుంచి తలకిందులై పాజిటివ్‌గా మారుతుంది. సూర్యుడు నడిచిన చోట మసిబారిన చీలిక మిగులుతుంది. ‘సన్‌బర్న్’ పేరుతో వచ్చిన ఈ బొమ్మలు వేటికవే, నకలు తీయడానికి వీల్లేదు.

రంగుల ప్రింట్లు వేసే కాగితాన్ని కూడా కెమెరాలో పెట్టేవారున్నారు. ముందు నలుపు తెలుపు డెవలపరులో కడిగి, దీపం వెలుగు చూపించి, ఆపైన రంగుల డెవలపరులో వేస్తే నేరుగా పాజిటివ్ వస్తుంది. ఆ కాగితం నారింజ రంగు నెగటివ్‌లోంచి వచ్చే వెలుతురు కోసం చేసింది కాబట్టి పగటి వెలుగులో బొమ్మంతా నీలిబారుతుంది. నారింజ ఛాయ ఫిల్టర్లతో దాన్ని దారికి తేవడానికే సగం షీట్లు ఖర్చవుతాయి.

విమానం ఫిల్ము, గుడ్డ, మిగిలిన సరుకు

ఏరియల్ ఫిల్ము వెడల్పాటి పొడవు రీళ్లుగా వస్తుంది, చీకట్లో షీట్లుగా కోసుకోవాలి. ఈ రకంలో పేరుమోసింది కొడాక్ ఏరోక్రోమ్. శత్రువు ఆకుపచ్చ రంగు వేసి దాచిన సామగ్రిని నిజమైన చెట్ల నుంచి విడదీసి చూపడం దీని పూర్వీకుల పని. బతికున్న ఆకు కంటికి కనపడని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది, రంగు వేసిన గుడ్డ కొట్టదు. ఫిల్ములో ఆకు గులాబీ ఎరుపుగా పడుతుంది, గుడ్డ పడదు. ఐరిష్ ఫొటోగ్రాఫరు రిచర్డ్ మోస్ దీన్ని తూర్పు కాంగో యుద్ధప్రాంతాలకు తీసుకెళ్లి, గులాబీ రంగు కొండల మధ్య నిలబడ్డ సాయుధులను తీశాడు. దాక్కున్నదాన్ని పట్టుకోవడానికి చేసిన ఫిల్ముతో, ప్రపంచం కళ్లబడని యుద్ధాన్ని తీయడంలో ఒక తర్కం ఉంది. కొడాక్ తయారీ ఆపేశాక ఏరోక్రోమ్ మిగులు సరుకుగానే దొరుకుతోంది.

ఫిల్మే అక్కర్లేదనుకున్నవాళ్లూ ఉన్నారు. 2006లో కాలిఫోర్నియాలో మూతపడ్డ ఎల్ టోరో వైమానిక స్థావరంలో ఆరుగురు ఫొటోగ్రాఫర్లు ఒక విమానాల షెడ్డునే సూదిబెజ్జం కెమెరాగా మార్చారు. 107 అడుగుల పొడవు, 31 అడుగుల ఎత్తున్న గుడ్డ మీద ద్రవరూపంలోని ఎమల్షన్ పూసి, 35 నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చి, ఈతకొలనంత తొట్టిలో కడిగారు. అంత పెద్ద ఫొటో అంతకుముందు లేదు.

మన దేశంలో ఈ సరుకులో చాలా రకాలను ఒకప్పుడు ఒకే సంస్థ తయారుచేసింది. 1960లో ఊటీలో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్ము, కాగితం, ఆస్పత్రులకు ఎక్స్‌రే ఫిల్ము అమ్మేది. డిజిటల్ వచ్చాక అప్పుల్లో కూరుకుపోయి 2010లలో మూతపడింది. పాత స్టూడియోల అటకల మీద ఇప్పటికీ అప్పుడప్పుడు దొరికే ఇందు కాగితం పెట్టెలకు నెగటివ్‌ల కోసం వాడేవారిలో గిరాకీ ఉంది. మసకబారిన కాగితం కూడా వాళ్లకు పనికొస్తుంది.

కొత్తగా కొనేవారు మోసపోయేది ఒక్క చోట. ఇప్పుడు స్కానింగ్ సెంటర్లలో సీటీ, ఎంఆర్‌ఐ బొమ్మలు అచ్చువేసి కవరులో పెట్టి ఇచ్చే ఫిల్ము చూడ్డానికి పాత ఎక్స్‌రే ఫిల్ములాగే ఉంటుంది. అది డ్రై ఫిల్ము. వేడితో పనిచేసే ప్రింటరు కోసం చేసింది, డెవలపరు, హైపోలతో దానికి సంబంధం లేదు. లేజరు ఇమేజర్ల కోసం చేసిన తడి ఫిల్ములు కొన్నింటికి ఎరుపు, పరారుణం కనిపిస్తాయి, ఎర్ర దీపం కింద పెట్టె తెరిస్తే మొత్తం పాడవుతుంది. అందుకే దుకాణంలో అడగాల్సింది ఎక్స్‌రే ఫిల్ము అని కాదు, తెరలతో వాడే, చీకటి గదిలో కడిగే, గ్రీన్ సెన్సిటివ్ ఫిల్ము అని. పశువైద్యశాలల్లోనూ, డిజిటల్ ఇంకా చేరని చిన్న ఆస్పత్రుల్లోనూ వాడకం ఉన్నంతవరకు అది దొరుకుతూనే ఉంటుంది.